ఇరవయ్యో పిన్ను

ఆ రైతు చీటీని బల్ల మీద పెట్టలేదు. నా చేతిలో పెట్టాడు. పెట్టి, అడుగు వరస మీద వేలు ఆనించాడు.

“ఇంగిలీషు నాకు రాదు గని అంకెలు ఎర్కనే. సదువు బిడ్డా. నా పత్తి పందొమ్మిది కిలోలేనా?”

తేదీ సరిగానే పడింది. ట్రాక్టరు నంబరు పడింది. నిండు బండి 5180, ఖాళీ బండి 3260. నికర బరువు దగ్గర మాత్రం 19 అని పడి, అచ్చు అక్కడితో ఆగిపోయింది. 1920 ఉండాల్సిన చోటు అది. వెనక రెండంకెలు లేవు, కిలోలన్న మాట లేదు, కాటా వాళ్లు సంతకం పెట్టే గీత లేదు. కార్బన్ ప్రతులు తిరగేసి చూశాను. వాటిలోనూ 19. కార్బన్‌కు తప్పొప్పులు తెలియవు, పైన పడిందే కిందా పడుతుంది.

“సేటు గుమాస్తా పైసలియ్యనన్నడు. చీటీల ఎంతుంటే గంతకే లెక్క, పోయి కాటా కాడ అడుగుపో అన్నడు.”

పెద్దాయన గొంతు లేపలేదు. వెనకాల నిలబడ్డ కొడుకు లేపుతున్నాడు. కాటా గది కిటికీ బయట అప్పటికే పదిమంది గుమిగూడారు. “కాటాలనే దొంగతనం” అని ఎవరో అన్నారు.

1920 కిలోలంటే రెండున్నర, మూడెకరాల నల్లరేగడి ఏడాది పొడవునా ఇచ్చిన పంట. విత్తనాల అప్పు, మందుల బాకీ, ఏరిన కూలీల లెక్క అన్నీ ఆ ఒక్క అంకె మీద ఆధారపడి ఉంటాయి. ఆ అంకెను కొట్టిన ప్రింటరును ముందురోజు రాత్రి నడిపించింది నేను. నడిచిందని సంబరపడి, కాటా యజమాని పటేలు తెప్పించిన మిర్చిబజ్జీలు తిని, ఇంటికెళ్లి హాయిగా పడుకున్నదీ నేనే.

*

మెదక్ జిల్లా మూడు ముక్కలు కాకముందు, విండోస్ 98 నడుస్తున్న రోజుల మాట ఇది. జోగిపేట బస్టాండు దగ్గర నాకో చిన్న డీటీపీ సెంటరు ఉండేది. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, దరఖాస్తులు. ఊళ్లో ఎక్కడ కంప్యూటరు మొరాయించినా నాకే కబురొచ్చేది. ఇందులోని మనుషుల పేర్లు రాయడం లేదు. చాలామంది ఇంకా ఆ చుట్టుపక్కలే ఉన్నారు.

జోగిపేట అనగానే చదువుకున్నవాళ్లకు గుర్తొచ్చేది 1930. తొలి ఆంధ్రమహాసభ జరిగింది మా ఊళ్లోనే. గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షుడు. కచేరీ కాగితమంతా ఉర్దూలో నడిచే రాజ్యంలో తెలుగువాళ్లు కూడి తమ భాషలో తమ కష్టం చెప్పుకున్న సభ అది. తన గురించి కాగితం మీద ఏం రాశారో తనకే తెలియని మనిషి ఆనాడు ఎంతమందో. ఆ రైతు ఇంగ్లిషు చీటీని నా చేతిలో పెట్టి ‘సదువు బిడ్డా’ అన్నప్పుడు, నేను బళ్లో పాఠంగా విన్న ఆ సభ ఒక్కసారిగా నాకు దగ్గరికొచ్చింది.

ఇక కాటా సంగతి. లారీలూ ట్రాక్టర్లూ ఎక్కే ఇనుప వేదిక కింద లోడ్‌సెల్‌లు ఉంటాయి. బరువు పడగానే ఉక్కుదిమ్మ కంటికి కనిపించనంత వంగుతుంది. దానికి అతికించిన సన్నటి తీగ ఆ వంపుకు సాగుతుంది, సాగిన తీగలో కరెంటు నడక మారుతుంది. ఆ కాస్త మార్పును గదిలోని ఎర్రంకెల డబ్బా కిలోలుగా చూపించి కంప్యూటరుకు పంపుతుంది. నిండు బండిని ఒకసారి తూస్తారు, సరుకు దించుకుని వచ్చిన ఖాళీ బండిని ఇంకోసారి తూస్తారు. రెంటి మధ్య తేడాయే రైతు పంట. అంటే చీటీ చేతికొచ్చేసరికి పత్తి మిల్లులో గుట్టలో కలిసిపోయి ఉంటుంది, మళ్లీ తూద్దామంటే కుదరదు. రైతు దగ్గర మిగిలే సాక్ష్యం ఆ చీటీ ఒక్కటే.

చీటీకి మూడు ప్రతులు. ఒకటి రైతుకు, ఒకటి కొన్నవాడికి, ఒకటి కాటాకు. మూడూ ఒకే దెబ్బకు పడాలి. అందుకే కాటా గదుల్లో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు పోవు. వాటి తలలో ఒకదాని కింద ఒకటిగా సాధారణంగా 9 సూదులుంటాయి. అవి రిబ్బన్ మీద కొడితే ఆ దెబ్బ కార్బన్ దాకా దిగుతుంది. పొడి రంగును కాగితం మీద కరిగించి అంటించే లేజరు ప్రింటరుకు ఆ దెబ్బ లేదు.

ఆ ఏడు పత్తి దిగడం మొదలైన వారంలోనే కాటా గదిలోని ప్రింటరు కాలిపోయింది. ఊరికి కరెంటు ఎట్లా వచ్చేదో అప్పటివాళ్లకు చెప్పనక్కర్లేదు. కాటా యజమానిని ఊరంతా పటేలా అనే పిలిచేది. ఆయన పొద్దున్నే బస్సెక్కి పటాన్‌చెరు వెళ్లి, సాయంత్రానికి గోనెసంచిలో చుట్టిన బరువైన వస్తువొకటి భుజాన పెట్టుకుని దిగాడు.

పటాన్‌చెరు దారి తెలిసినవాళ్లకు ఆ గోనెసంచి ఆశ్చర్యం కాదు. ఒకపక్క రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్, ఇంకోపక్క 1972లో మొదలైన ఇక్రిశాట్ పొలాలు, నడుమ మందుల, రసాయనాల, ఇనుప సామాన్ల ఫ్యాక్టరీలు. కొన్ని పెరిగాయి, కొన్ని మూతపడ్డాయి. మూతపడ్డవాటి లోపలి సామానంతా రోడ్డు పక్క తుక్కు దుకాణాలకు చేరేది. మీటర్లు, స్విచ్చులు, కుర్చీలు, కాలింగ్ బెల్లులు. ఒక్కోసారి కంట్రోల్ రూము మొత్తం ఎండలో పరిచి కనిపించేది.

“తమ్మీ, కిలోల లెక్కన ఇచ్చిండు. ఇనుము సూడు ఎట్లున్నదో. నడిస్తే మనకు పదేండ్లు ఢోకా లేదు,” అన్నాడు పటేలు.

మూత తెరిచాను. రోలరు కింద చిరిగిన కాగితం ముక్క ఇరుక్కుని ఉంది. పావుగంట పావుగంటకూ ఒక సమయం, పక్కన ఒక ఉష్ణోగ్రత. 61, 63, 66, 68. ఏదో ఫ్యాక్టరీలో ఏదో పాత్ర వేడెక్కుతూ వచ్చిన లెక్క. 68 దగ్గర ముక్క చిరిగింది. దాన్ని పారేయబుద్ధి కాలేదు, జేబులో పెట్టుకున్నాను.

వెనక్కి తిప్పి చూస్తే గుండె జారింది. ప్రింటర్లకు ఉండే 36 కాళ్ల వెడల్పు సాకెట్ కాదది. 25 రంధ్రాల సాకెట్. సీరియల్ ప్రింటరు.

తేడా ఏమిటంటే, మామూలు పారలల్ ప్రింటరుకు ఒక అక్షరంలోని 8 బిట్లూ ఎనిమిది తీగల మీద పక్కపక్కనే ఒకేసారి వెళ్తాయి, బండిబాట మీద మనుషులు గుంపుగా నడిచినట్టు. సీరియల్‌లో ఒకే తీగ, పొలం గట్టు మీద నడిచినట్టు ఒకదాని వెనక ఒకటి వెళ్లాల్సిందే. గట్టు నడక నిదానం, కానీ దూరం పోగలదు. ఫ్యాక్టరీలో యంత్రం ఒకచోట, కంట్రోల్ రూము ఇంకోచోట ఉంటాయి కనుక అక్కడ ఈ రకానికే గిరాకీ. ఆర్ఎస్-232 అనే ఈ పద్ధతిని అమెరికా ఎలక్ట్రానిక్స్ పరిశ్రమల సంఘం 1960లోనే స్థిరపరిచింది. మన దగ్గర కంప్యూటర్లు తయారుచేసిన ఈసీఐఎల్ హైదరాబాద్‌లో పుట్టింది 1967లో. అంటే ఆ పద్ధతి ఈసీఐఎల్ కన్నా పెద్దది వయసులో.

కాటా కంప్యూటరుకు వెనక రెండు సీరియల్ పోర్టులున్నాయి. మొదటిది ఎర్రంకెల డబ్బాకు పోయింది, రెండోది ఖాళీ. నా దగ్గర మోడెం కేబులు ఒకటుంది. ఒకవైపు 9, ఇంకోవైపు 25. బిగించి, ‘మోడ్’ ఆదేశంతో ప్రింటరు పోర్టుకు వెళ్లాల్సినదంతా రెండో సీరియల్ పోర్టుకు మళ్లించాను.

ప్రింటరు ఉలకలేదు, పలకలేదు.

పాడైపోయిందేమో అనుకుని, లైన్ ఫీడ్ బటన్ నొక్కిపట్టి స్విచ్చి వేశాను. తల కుడికీ ఎడమకూ ఒకసారి కదిలి, గది దద్దరిల్లేలా అక్షరాలన్నీ వరసగా కొట్టేసింది. ఎన్నేళ్ల తర్వాతో నోరు తెరిచింది! పటేలు చేతులు జోడించాడు. యంత్రం బతికే ఉంది, మా మాటే దానికి చేరడం లేదు.

తప్పు కేబులులో ఉంది. మోడెం కోసం చేసిన కేబులులో కంప్యూటరు మాట 25 కాళ్ల వైపు 2వ పిన్నుకు వెళ్తుంది. మోడెం అక్కడే వింటుంది. కానీ ప్రింటరు తనను తాను మోడెం అనుకోదు, కంప్యూటరుతో సమానమనుకుంటుంది. దానికి 2 నోరు, 3 చెవి. నోటికి ఎదురుగా నోరు పెట్టి అరుస్తున్నామన్నమాట. కేబులు విప్పి తీగలు మార్చి అతికాను. కంప్యూటరు 3 నుంచి ప్రింటరు 3కు మాట, 5 నుంచి 7కు గ్రౌండు.

ఈసారి కంప్యూటరే మొండికేసింది, ప్రింటరు సిద్ధంగా లేదంటూ. దీనికి నా దగ్గర మందుంది. సంగారెడ్డిలో కంప్యూటరు కోర్సు చేసినప్పుడు ఒక సారు నేర్పిన చిట్కా. కంప్యూటరు వైపు 7నూ 8నూ ఒక చిన్న తీగముక్కతో, 4నూ 6నూ ఇంకో ముక్కతో కలిపేస్తే సరి. ‘పంపనా?’ అని అడిగే పిన్నూ ‘పంపు’ అని వినే పిన్నూ కలిసిపోతాయి. ‘ఉన్నావా?’ అన్న ప్రశ్నకు ‘ఉన్నాను’ అన్న జవాబూ అంతే. కంప్యూటరు ఇక అడ్డం చెప్పదు.

అతికాను. కాగితం కదిలింది. పడినవి మాత్రం అక్షరాలు కావు, చుక్కలూ బాణాలూ పిచ్చిగీతలూ. ఇది వేగం పొరపాటు. గట్టు మీద నడిచే మనుషులను లెక్కపెట్టేవాడు ఎంతసేపటికొకరు వస్తారో ముందే తెలుసుకుని ఉండాలి, లేకుంటే ఒకడిని ఇద్దరనుకుంటాడు. ప్రింటరు లోపలి చిన్న స్విచ్చులను ఒక్కొక్కటే జరిపి, కాగితం వేసి చూసి, మళ్లీ జరిపి, రాత్రి పదకొండు దాటాక 1200 బాడ్ దగ్గర రెండూ కుదిరాయి. క్షణానికి 120 అక్షరాలు.

చీటీ పడింది. తేదీ, బండి నంబరు, మూడు బరువులు, గీత. మూడు ప్రతులూ స్పష్టంగా ఉన్నాయి. నాలుగైదు కొట్టి చూశాం. ఒక్క అక్షరం పోలేదు.

*

ఆ రాత్రి నేనెంత పొంగిపోయానో చెప్పాలంటే ఇంకో కథ చెప్పాలి. సొంత కంప్యూటరు అనేది జనం చేతికొచ్చిన తొలిరోజుల్లోనూ సరిగ్గా ఇట్లాంటి ఘట్టమే ఒకటి జరిగింది. 1975లో అమెరికాలో ఆల్టెయిర్ 8800 అనే చిన్న కంప్యూటరు వచ్చింది. దానికి తెర లేదు, మీటలూ దీపాలూ తప్ప. ఆ యంత్రాన్ని ఎన్నడూ చూడకుండానే బిల్ గేట్స్, పాల్ అలెన్ దానికి బేసిక్ భాష రాశారు. చిల్లుల కాగితం చుట్ట పట్టుకుని అలెన్ ఒక్కడే ఆల్బకర్కీకి విమానమెక్కాడు. దిగబోయే ముందు గుర్తొచ్చింది, ఆ చుట్టను యంత్రంలోకి ఎక్కించే చిన్న ప్రోగ్రాం రాయనేలేదని. విమానం కిందికి దిగుతుండగా కూర్చుని రాశాడు.

అక్కడ ఆల్టెయిర్‌కు తగిలించింది ఒక టెలిటైప్. టెలిగ్రాం ఆఫీసుల కాలపు పనితనం, క్షణానికి 10 అక్షరాలు కొట్టే సీరియల్ యంత్రం. చుట్ట నెమ్మదిగా లోపలికి పోయింది. తర్వాత టెలిటైప్ దానంతటదే కదిలి, జ్ఞాపకశక్తి ఎంత అని అడిగే రెండు మాటలు కొట్టింది. అలెన్ రెండుకు రెండు కలిపితే ఎంతని అడిగాడు. 4 అని కొట్టింది. మైక్రోసాఫ్ట్ అనే సంస్థ అదే ఏడు పుట్టింది.

పాత యంత్రం కొత్త యంత్రం మాట విని ఒక్క అంకె కొడితే ఆ గదిలో ఉన్నవాళ్లకు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. జోగిపేటలో రాత్రి పదకొండున్నరకు ట్యూబులైటు కింద నిలబడి చూసినవాణ్ని. అందుకే మర్నాటి దెబ్బ అంత గట్టిగా తగిలింది.

*

మళ్లీ ఆ కాటా గదిలోకే వస్తాను. పటేలు చీటీ చూశాడు, నన్ను చూశాడు. కంప్యూటరులో వెతికి చూపించాను. 5180, 3260, 1920. లెక్క భద్రంగా ఉంది.

“ఇంకోటి కొట్టియ్యి తమ్మీ,” అన్నాడు పటేలు.

“ఇప్పుడు కొట్టింది మేమెట్ల నమ్మాలె?” అన్నాడు కొడుకు. “సేటు మాత్రం ఎట్ల నమ్ముతడు? పొద్దుగాల పందొమ్మిది, పగటాల్ల పందొమ్మిది వందలా?”

ఆ మాటకు జవాబు లేదు. చీటీ విలువంతా అది ఒక్కసారే పడుతుందన్న నమ్మకంలో ఉంది. తప్పు ఎందుకు పడిందో చెప్పలేని మనిషి రెండో చీటీ కొడితే అది సాక్ష్యం ఎట్లా అవుతుంది?

నేను మళ్లీ మళ్లీ కొట్టి చూశాను. ప్రతిసారీ సరిగానే వస్తోంది. అదే భయం వేసింది. ఎప్పుడూ తప్పు చేసే యంత్రాన్ని బాగుచేయొచ్చు, ఎప్పుడో ఒకసారి చేసేదాన్ని ఎక్కడ పట్టుకోవాలి?

రోడ్డుకవతల మోటారు వైండింగ్ షాపు నుంచి కాకా లేచి వచ్చాడు. ఊళ్లో బోరు మోటార్లన్నీ ఆయన చేతిమీదుగా పోయేవే. అంతకు ముందు పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టరు. అది మూతపడ్డాక ఊరికొచ్చేశాడు. రెండు రోజులుగా నేను పడుతున్న పాట్లు ఆయన ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉన్నాడు. నేను పిలవలేదు. రాగి తీగలు చుట్టుకునే మనిషికి కంప్యూటరు సంగతేం తెలుస్తుందనుకున్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ అనుకున్నమాట నిజం.

కాకా నన్నేమీ అడగలేదు. కాటా మీద కూర్చునే పిల్లగాణ్ని అడిగాడు.

“గీ పెద్దమనిషి చీటీ కొట్టేటప్పుడు నువ్వేం జేసినవ్ రా?”

“ఏం జెయ్యలే కాకా. కాయితం వంకర వోయింది. ఆ ఎర్ర బటన్ నొక్కి సక్కగ జేసి మళ్ల నొక్కిన.”

కాకా తలూపాడు. ప్రింటరు ముందున్న ఆన్‌లైన్ బటన్ అది. ఒకసారి నొక్కితే ప్రింటరు పని ఆపి, కాగితం సర్దుకోనిస్తుంది. మళ్లీ నొక్కితే ఆపినచోటు నుంచి మొదలుపెడుతుంది.

“బిడ్డా, కేబులిప్పు.”

కంప్యూటరు వైపు మూత విప్పాను. నేను అతికిన రెండు తీగముక్కలు కనిపించాయి. ఆయన వాటిని గోటితో తాకి చూశాడు.

“ఇవెందుకు పెట్టినవ్?”

“పెట్టకుంటే పంపుత లేదు కాకా.”

“పంపుత లేదంటే అది మంచిదే గదా. అవుతలోడు సిద్ధమైండా లేదా అని అడుగుతున్నది. నువ్వు వాన్ని అడగనియ్యకుండ, నువ్వే సిద్ధం సిద్ధం అని జెప్పబెడ్తివి. కంప్యూటరుకు అబద్ధం జెప్పినవ్ బిడ్డా.”

మీటరు తెప్పించాడు. ముల్లున్న పాత మీటరు. నల్ల తీగను ప్రింటరు 7వ పిన్నుకూ ఎర్ర తీగను 20వ పిన్నుకూ ఆనించాడు. ముల్లు లేచి 11 దగ్గర నిలబడింది. నన్ను ఎర్ర బటన్ నొక్కమన్నాడు. నొక్కాను. ముల్లు సున్నా దాటి వెనక్కి కొట్టుకుంది. కాకా తీగలు తారుమారు చేసి పట్టాడు. ఈసారి మైనస్ 11. మళ్లీ బటన్ నొక్కితే మళ్లీ ప్లస్.

“సూసినవా? ప్లస్ ఉంటే పంపు అంటున్నది. మైనస్ అయితే ఆగు అంటున్నది. పొద్దటి నుంచి మొత్తుకుంటున్నది అది. ఇనే తీగ ఏది?”

ఆ గదిలో నిలబడి ముల్లును చూస్తుంటే అన్నీ ఒక్కసారిగా తెలిసిపోయాయి. ప్రింటరు లోపల చిన్న నిల్వ ఉంటుంది, ఓ 256 అక్షరాలకు సరిపడేది. కంప్యూటరు క్షణానికి 120 పంపుతోంది. మామూలుగా సూదులు కొడుతూ పోతుంటే నిల్వ ఖాళీ అవుతూ ఉంటుంది, చీటీ చిన్నదే కనుక గడిచిపోతుంది. కానీ పిల్లగాడు కాగితం సర్దడానికి బటన్ నొక్కిన ఆ నాలుగు క్షణాలూ సూదులు ఆగాయి, కంప్యూటరు ఆగలేదు. ప్రింటరు 20వ పిన్ను మీద ఆగమంది. అక్కడ తీగే లేదు. నేను పెట్టిన ముక్కలు మాత్రం ‘పంపు, పంపు’ అంటూనే ఉన్నాయి. నిల్వ నిండింది. నిండాక వచ్చినవన్నీ నేలపాలయ్యాయి. అవి చీటీలోని చివరి అక్షరాలు. 2, 0, కిలోలు, సంతకం గీత.

రాత్రి పరీక్షల్లో అది ఎందుకు దొరకలేదో కూడా తెలిసింది. రాత్రి ఎవరూ ఆ బటన్ ముట్టలేదు. తొందర లేదు, జనం లేరు, కాగితం వంకర పోలేదు. పని జరిగే వేళ ఎట్లా ఉంటుందో అట్లా పరీక్షించలేదు నేను.

తర్వాత ఒక పుస్తకంలో చదివాను. 20వ పిన్నుకు తీగ లేకపోయినా ఆగమని చెప్పడానికి యంత్రాలకు ఇంకో దారుంది. ప్రింటరు తన నోటి తీగ మీద ఒక సంకేతం పంపుతుంది, మళ్లీ పంపమనడానికి ఇంకోటి. పంపమనే సంకేతం సంఖ్య 17. ఆగమనే సంకేతం సంఖ్య 19. చదివి కాసేపు ఆ అంకెనే చూస్తూ ఉండిపోయాను. ‘మోడ్’ ఆదేశంతో చేసిన మళ్లింపులో కంప్యూటరు ఆ సంకేతాన్ని వినదు, మాకు అది పనికొచ్చేది కాదు. అయినా ఆ అంకె ఈనాటికీ నాకు అంకెలా కనిపించదు.

కాకా నా చేతికి సోల్డరింగ్ ఐరన్ ఇచ్చాడు, తను పట్టుకోలేదు. “నువ్వే తియ్యి. నువ్వే పెట్టు.” రెండు ముక్కలూ కరిగించి తీసేశాను. ప్రింటరు 20 నుంచి ఒక తీగ లాగి కంప్యూటరు 8కీ 6కీ కలిపి అతికాను. ప్రింటరు ఇప్పుడు ఏమంటుందో కంప్యూటరుకు తెలుస్తుంది. ముప్పావుగంట పట్టింది. కిటికీ దగ్గర జనం కదల్లేదు. పెద్దాయన గట్టు మీద కూర్చుని బీడీ వెలిగించాడు, సగం తాగి ఆర్పి చెవి వెనక పెట్టుకున్నాడు.

*

“సేటు గుమాస్తాను పిలిపియ్యి పటేలా,” అన్నాడు కాకా. “మనం మనం కొట్టుకుంటే ఎవరు నమ్ముతరు?”

గుమాస్తా వచ్చాడు. తప్పు చీటీ మూడు ప్రతులూ బల్ల మీద పరిచాం. కాకా జరిగింది చెప్పాడు. ఇంగ్లిషు మాట ఒక్కటి వాడలేదు. నోరు, చెవి, ఆగు, పంపు. నేనైతే అంత బాగా చెప్పలేకపోయేవాణ్ని. చెప్పి, విన్నంత మాత్రాన నమ్మొద్దన్నాడు. “మీరే బటన్ నొక్కున్రి.”

ముందు పాత తప్పును మళ్లీ చేసి చూపించమన్నాడు నన్ను. అంటే మళ్లీ ఆ రెండు ముక్కలు తాకించి పట్టుకోవాలి, 20వ తీగను విడదీయాలి. పట్టుకున్నాను. గుమాస్తా చీటీ నడుమ బటన్ నొక్కి, నాలుగు అంకెలు లెక్కపెట్టి, మళ్లీ నొక్కాడు. చీటీ కోసుకుపోయింది. ఈసారి నికర బరువు వరసే పడలేదు. బయట గుసగుసలు ఆగిపోయాయి.

తర్వాత కొత్త కేబులు బిగించాను. కొడుకు ముందుకొచ్చాడు. “నేను నొక్కుత,” అన్నాడు.

సూదులు కదిలాయి. తేదీ పడింది. ట్రాక్టరు నంబరు పడింది. 5180 పడింది. కొడుకు బటన్ నొక్కాడు. తల ఆగింది. తెర మీద కర్సరు కూడా ఉన్నచోటే నిలిచిపోయింది. అంతకు ముందు దాకా అది ఎన్నడూ అట్లా నిలబడలేదు, తన పని అయిపోయిందన్నట్టు ముందుకెళ్లిపోయేది. ఇప్పుడు ఎదురు చూస్తోంది. కొడుకు బటన్ మీద నుంచి వేలు తీసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాలుగు క్షణాలు కాదు, ఒక నిమిషం. రెండు నిమిషాలు. గదిలో ఫ్యాను చప్పుడొక్కటే. పంపనీయకపోతే కంప్యూటరు విసిగి వదిలేస్తుందేమోనని నాకు లోపల ఒకటే దడ. మోడ్ ఆదేశం చివర, ఎంతసేపైనా ప్రయత్నిస్తూనే ఉండమని చెప్పే ఒక అక్షరం చేర్చాను, కానీ అది నిజంగా అంతసేపు ఆగుతుందా అన్నది నేనెప్పుడూ చూడలేదు.

“ఇగ ఇడువు రా,” అన్నాడు పెద్దాయన.

కొడుకు నొక్కాడు. 3260 పడింది. వరస మారింది. సూదులు మళ్లీ మొదలై ఒకటి, తొమ్మిది, రెండు, సున్న కొట్టాయి. కిలోలన్న మాట పడింది. సంతకం గీత పడింది. కాగితం చిల్లుల గీత దాకా జరిగి ఆగింది.

గుమాస్తా తన ప్రతి తీసుకుని మడతపెట్టాడు. తప్పు చీటీ మీద అడ్డంగా గీత కొట్టి, పటేలూ గుమాస్తా ఇద్దరూ సంతకాలు చేసి కాటా ఫైలులో పెట్టారు. పటేలు పెద్దాయన చేతులు పట్టుకున్నాడు. నేను ఏదో అనబోయాను. ఆయన నా వైపు చూసి, “నీ తప్పేమున్నది బిడ్డా, నువ్వు ఇనలే అంతే,” అన్నాడు. ప్రింటరు గురించి అన్నాడో, కాకా గురించి అన్నాడో నేను అడగలేదు.

జేబులో ఉన్న కాగితం ముక్క గుర్తొచ్చి కాకాకు ఇచ్చాను. 61, 63, 66, 68. ఆయన దాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. “రాత్రి షిఫ్టు,” అన్నాడు. “డెబ్బైకి నీళ్లు తిప్పాలె.” ముక్కను చొక్కా జేబులో పెట్టుకుని రోడ్డు దాటి తన షాపులోకి వెళ్లిపోయాడు.

పెద్దాయన ట్రాక్టరు మీద కొడుకు పక్కన కూర్చున్నాక చీటీని మళ్లీ తీశాడు. ఇంగ్లిషు అక్షరాల మధ్య వేలు జరుపుకుంటూ తన అంకె దగ్గరికి వచ్చి ఆపాడు. ట్రాక్టరు కదిలి మిల్లు దారి పట్టేదాకా ఆ వేలు అక్కడే ఉంది.